దురద తగ్గిన రోజే మందు ఆపేయకండి

(పర్లాకిమిడిలో కుక్కలు పెంచుకునేవారి సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి వాళ్లతో పాటు కాశీనగర్, గుణుపురం నుంచి వచ్చారు. అటు పాతపట్నం, మెళియాపుట్టి నుంచి కూడా వచ్చారు. ఆదివారం పూట పనులు మానుకుని కుక్క దురద గురించి వినడానికి ఇంతమంది కూర్చున్నారంటే కారణం నాకు తెలుసు. అర్ధరాత్రి మంచం పక్కన అది గోక్కుంటూ ఉంటే, కాలు నేలకి తగిలి టకటకమంటూ ఉంటే, ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. దానికి అసలే ఉండదు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. అలర్జీ దురద ఉన్న కుక్కకి ఏళ్ల తరబడి మందు వాడాల్సి రావచ్చు. అందుకు భయపడక్కర్లేదు. ఒక చోట ఒక ఇంజెక్షన్, ఇంకో చోట పది బిళ్లలు, తగ్గగానే ఆపేయడం, ముదరగానే మళ్లీ మొదలుపెట్టడం, ఇలా లెక్కాపత్రం లేకుండా సాగే వైద్యానికి భయపడాలి. నా దగ్గరికి చెడిపోయి వచ్చే కుక్కల్లో ఎక్కువ భాగం ఇలా వచ్చినవే.

అసలు ఈ జబ్బేమిటో కొంచెం చూద్దాం. దీన్ని అటోపిక్ డెర్మటైటిస్ అంటారు. ఇంటి దుమ్ములో కంటికి కనపడని పురుగులు, పుప్పొడి, బూజు వంటివి అన్ని కుక్కల చర్మానికీ తగులుతూనే ఉంటాయి. కొన్నింటి చర్మం పుట్టుకతోనే బలహీనంగా ఉండి వాటిని లోపలికి రానిస్తుంది, ఒళ్లు వాటి మీద అతిగా తిరగబడుతుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, పగ్, షిడ్జూ వంటి జాతుల్లో ఎక్కువగా చూస్తాం. దేశీ కుక్కలకి రాదని మాత్రం అనుకోకండి. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు లోపల మొదలవుతుంది. కొన్నింటికి మొదట్లో వానాకాలంలోనే వస్తుంది. ఆషాఢంలో మొదలై కార్తీకానికి సర్దుకుంటుంది. రెండు మూడేళ్లు గడిచాక ఏడాది పొడవునా ఉండిపోవచ్చు.

ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. కుక్కని వెలుతురులో పడుకోబెట్టి, ముందు కాలి వేళ్లని విడదీసి మధ్యలో చూడండి. చర్మం ఎర్రగా, తడిగా ఉండి, లేత రంగు వెంట్రుకలైతే తుప్పు రంగుకి తిరిగి ఉంటే, అది నాకి నాకి వచ్చిన రంగు. ఉమ్మిలో ఉండే పదార్థం వల్ల అలా అవుతుంది. తర్వాత చెవి ఎత్తి లోపల వాసన చూడండి. చంకలు, పొట్ట, మూతి చుట్టూ కూడా చూడండి. ముందు పాదాలు, చెవులు, చంకలు, పొట్ట కలిసి ఎర్రబడితే అలర్జీ అని అనుమానించాలి. చెవి అంచు మాత్రమే పొలుసులు కట్టి ఉంటే గజ్జి కావచ్చు. నడుము మీద, తోక మొదట్లో వెంట్రుకలు పోతే కుక్క పేలు, ఇంగ్లీషులో ఫ్లీస్ అంటారే అవి, కావచ్చు.

ఈ పేల సంగతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన వాతావరణంలో ఇవి ఏడాదంతా బతుకుతాయి. "మా కుక్కకి పేలు లేవండీ, నేను చూశాను" అంటారు. దురద పెట్టిన కుక్క వాటిని కొరికి మింగేస్తుంది కాబట్టి మీకు కనపడవు. దువ్వెనతో నడుము మీద దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. పేల రెట్ట అయితే చుట్టూ ఎర్రగా దిగుతుంది, అది జీర్ణమైన రక్తం కాబట్టి. పేలకి అలర్జీ ఉన్న కుక్కకి నాలుగైదు కాట్లు చాలు, ఒళ్లంతా గోక్కుంటుంది. అందుకే దీర్ఘకాలం మందు మొదలుపెట్టే ముందు పేలకీ గోమార్లకీ మంచి మందు వేయాలి. నెలకొకసారి నమిలే బిళ్లలు ఉన్నాయి, పన్నెండు వారాలు పనిచేసేవీ ఉన్నాయి. ఇంట్లో మూడు కుక్కలుంటే మూడింటికీ వేయాలి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే, పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు దానికి తగలనివ్వకండి. ప్రాణం పోతుంది.

గజ్జిలో ఇంకో రకం డెమోడెక్స్. ఆ పురుగు వెంట్రుక కుదురులో ఉంటుంది. బ్లేడుతో చర్మాన్ని కొంచెం గీరి, స్లైడు మీద వేసి మైక్రోస్కోపులో చూస్తే దొరుకుతుంది. ఖర్చు తక్కువ, పావుగంట పని. "ముందు గీరి చూడండి డాక్టరు గారూ" అని మీరే అడగండి. ఎందుకంటే డెమోడెక్స్ ఉన్న కుక్కకి అలర్జీ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే, ఆ పురుగులకి అడ్డు అదుపు లేకుండా పోతుంది.

ఇక తిండి. కొన్ని కుక్కలకి తిండి వల్లే అలర్జీ వస్తుంది. రక్తపరీక్షతో దాన్ని నమ్మకంగా తేల్చలేం. అదివరకు ఎన్నడూ తినని మాంసం ఒకటి, దానితో ఒక పిండిపదార్థం, లేదా డాక్టరు చెప్పిన ప్రత్యేకమైన మేత, ఎనిమిది వారాల పాటు అదే పెట్టి చూడాలి. ఎనిమిది వారాల్లో పదింట తొమ్మిది కుక్కల సంగతి తేలిపోతుంది. తగ్గిందంటే అంతటితో సరిపోదు, పాత తిండి మళ్లీ పెట్టి దురద తిరిగి వస్తుందో లేదో చూడాలి. అప్పుడే రుజువు. మన ఇళ్లలో కుక్కకి పెట్టేవి పాలన్నం, పెరుగన్నం, చికెన్, బిస్కెట్లు. అలర్జీ ఎక్కువగా తెచ్చే వాటిలో పాలు, కోడిమాంసం, గోధుమ ఉన్నాయి. ఎనిమిది వారాలూ పక్కింటి పిల్లాడు బిస్కెట్ వేయకుండా చూడటమే ఇందులో అన్నిటికంటే కష్టమైన భాగం. చుట్టాలకి, పనిమనిషికి, అందరికీ ముందే చెప్పండి. ఆ ఎనిమిది వారాల్లో బిళ్ల వేయాలన్నా చికెన్ ముక్కలో పెట్టకండి, అదే మేతలో పెట్టండి.

ఇవన్నీ చూశాక కూడా దురద మిగిలితే, అప్పుడు అది దీర్ఘకాలం మందు వాడాల్సిన కుక్క.

ముందు స్టెరాయిడ్ గురించి, అంటే మీకు తెలిసిన ప్రెడ్నిసోలోన్. దాన్ని చెడ్డ మందు అని నేను అనను. ఒకటి రెండు రోజుల్లో దురద దించేస్తుంది, ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది. అందుకే అది డాక్టరు చేయి దాటి అందరి చేతుల్లోకీ పోయింది. సరిగ్గా వాడే పద్ధతి ఏమిటంటే, కిలోకి అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము లెక్కన రోజూ మొదలుపెట్టి, దురద అదుపులోకి వచ్చాక మెల్లగా తగ్గిస్తూ, రోజు విడిచి రోజుకి తేవాలి. అక్కడి నుంచి కూడా తగ్గించుకుంటూ, దురద మళ్లీ తల ఎత్తని అతి తక్కువ మోతాదు ఏదో పట్టుకోవాలి. 30 కిలోల లాబ్రడార్‌కీ 6 కిలోల షిడ్జూకీ ఒకే బిళ్ల ఎలా సరిపోతుంది? అందుకే బరువు చూడకుండా రాసిన చీటీని నమ్మకండి.

ఒంట్లో మూత్రపిండాల పక్కన అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ని అవే తయారు చేస్తాయి. బయటి నుంచి వారాల తరబడి మందు వస్తుంటే అవి పని మానేస్తాయి. అలాంటి కుక్కకి "తగ్గింది కదా" అని ఒక్కరోజులో మందు ఆపేస్తే లోపలా ఉండదు, బయటి నుంచీ రాదు. వాంతులు, నీరసం, ఒక్కోసారి నిలబడలేక కూలబడిపోతుంది. మీరు నా మాట ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: స్టెరాయిడ్‌ని తగ్గించాలి గానీ ఒక్కసారిగా ఆపకూడదు.

ఎక్కువైతే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. నేను చూసిన ఒక లాబ్రడార్‌ని ఇంట్లో వాళ్లు "ఒళ్లు చేసింది" అని సంతోషపడి తెచ్చారు. పొట్ట కిందికి జారి ఉంది, తొడల మీద కండ లేదు, ఊరికే కూర్చున్నా రొప్పుతోంది. పొట్ట మీద చర్మం ఎంత పలచబడిందంటే లోపలి నరాలు లెక్కపెట్టొచ్చు. మెడ మీద వేలు పెడితే రాయిలా గట్టిగా తగిలింది, చర్మంలో సున్నం పేరుకుంది. రోజంతా నీళ్లు, రాత్రంతా మూత్రం. దానికి ఎవరూ ద్రోహం చేయలేదు. ప్రేమతోనే తిప్పారు. ప్రతి చోటా ఒక ఇంజెక్షన్ పడింది, ఎక్కడా రాసి పెట్టలేదు.

మనం ఒడిశా, ఆంధ్రా సరిహద్దులో ఉన్నాం, అందుకే ఈ మాట మీకు గట్టిగా చెబుతున్నాను. ఇక్కడ చూపిస్తాం, పాతపట్నంలో మందు కొంటాం, పెళ్లికి శ్రీకాకుళం వెళ్తే అక్కడ ఇంకొకరికి చూపిస్తాం. ఒడిశాలో రాసిన చీటీ ఆంధ్రా డాక్టరు చూడడు, అక్కడ వేసిన ఇంజెక్షన్ ఇక్కడ తెలియదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో కొన్ని ఒక్కసారి వేస్తే వారాల తరబడి ఒంట్లో ఉంటాయి. బిళ్ల అయితే రేపు తగ్గించగలం, ఆ ఇంజెక్షన్‌ని వెనక్కి తీయలేం. రెండు ఊళ్లలో రెండు పడితే ఆ కుక్క పరిస్థితి ఆలోచించండి. స్టెరాయిడ్ మీద ఉన్న కుక్క కుంటుతోందని ఇంకొకరు నొప్పి మందు, మెలాక్సికామ్ లాంటిది ఇస్తే, కడుపులో పుండు పడి రక్తం పోతుంది. మలం తారులా నల్లగా వస్తే ఆ పూటే పరుగెత్తాలి.

స్టెరాయిడ్ మీద ఉన్న కుక్క నీళ్లు కొలవండి. గిన్నెలో ఎంత పోశారో, ఎంత మిగిలిందో చూస్తే చాలు. రోజుకి కిలోకి 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 30 కిలోల కుక్క 3 లీటర్లు దాటి తాగుతుంటే, డాక్టరుకి చెప్పాలి. అలాగని నీళ్లు పెట్టడం మానేయకండి. ఇలాంటి కుక్కకి మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా బయటికి తెలియకపోవచ్చు, కాబట్టి అప్పుడప్పుడు మూత్రపరీక్ష కావాలి.

తర్వాతి మందు ఓక్లాసిటినిబ్. అపోక్వెల్ పేరుతో వస్తుంది. అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది, ఇప్పుడు మన దేశంలోనూ వాడుతున్నాం. దురద ఉందని నరానికి కబురు మోసే ఇంటర్‌ల్యూకిన్-31 అనే పదార్థం ఉంటుంది, ఈ మందు ఆ కబురుని కణం లోపలే ఆపుతుంది. స్టెరాయిడ్‌లా దాహం, ఆకలి పెంచదు. మొదటి రోజే తేడా కనిపిస్తుంది. కిలోకి 0.4 నుంచి 0.6 మిల్లీగ్రాములు, మొదట రోజుకి రెండుసార్లు, అది కూడా 14 రోజులు మించకుండా, తర్వాత రోజుకి ఒక్కసారే. 30 కిలోల కుక్కకి 16 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి. రెండు పూటల నుంచి ఒక పూటకి దిగినప్పుడు కొన్నింటికి దురద కొంచెం తిరిగొస్తుంది. కంగారుపడి మళ్లీ రెండు పూటలు మొదలుపెట్టకండి, ఫోన్ చేయండి. ఏడాది నిండని పిల్లలకి ఇవ్వకూడదు. పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నా, క్యాన్సర్ ఉన్నా ఇవ్వకూడదు. ఏళ్ల తరబడి వాడే కుక్కకి అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించండి, స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా తడిమి కొత్త గడ్డలు ఏమైనా ఉన్నాయేమో చూడండి.

సైక్లోస్పోరిన్ ఓపిక ఉన్నవాళ్ల మందు. కిలోకి 5 మిల్లీగ్రాములు రోజూ. పని మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండో వారంలోనే "పని చేయట్లేదు" అని ఆపేసిన వాళ్లు చాలామంది ఉన్నారు. వాంతులు మొదట్లో వస్తాయి, చాలావాటికి సర్దుకుంటాయి. కొన్నింటికి చిగుళ్లు పెరుగుతాయి. కుదిరాక చాలా కుక్కలకి రోజు విడిచి రోజుకి తేవచ్చు.

లోకివెట్‌మాబ్ అనే ఇంజెక్షన్ కూడా ఉంది, పేరు సైటోపాయింట్. ఇందాక చెప్పిన ఇంటర్‌ల్యూకిన్-31ని ఒంట్లోనే పట్టేసే యాంటీబాడీ అది. ఒకసారి వేస్తే నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. వేరే మందులు వాడుతున్న ముసలి కుక్కలకి చాలా మేలు. ఇది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. ఇలాంటి మందు పెద్ద ఊరి నుంచి తెప్పించుకుంటే ఐసు పెట్టెలోనే రావాలి. మామూలు సంచిలో బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపితే డబ్బు పోయినట్టే.

సెట్రిజిన్ లాంటివి కుక్కల్లో కొద్దిగానే పనిచేస్తాయి, ముదిరిన దురదకి సరిపోవు. జలుబు మందు కలిసిన బిళ్లలు మాత్రం పొరపాటున కూడా వేయకండి. సూడోఎఫెడ్రిన్ కుక్క గుండెని ఆపేయగలదు. అలర్జీ ఏదో పరీక్షతో తేల్చి, దానికే కొద్దికొద్దిగా అలవాటు చేసే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. ఫలితానికి దాదాపు ఏడాది ఆగాలి. ఆ దారిలో వెళ్లదలచిన వాళ్లు భువనేశ్వర్ పశువైద్య కళాశాలలోనో గరివిడిలోనో అడగండి.

మందుల మోతాదు తగ్గాలంటే చర్మాన్ని చూసుకోవాలి. అలర్జీ కుక్కకి ఉన్నట్టుండి దురద పెరిగితే, మందు చాలడం లేదని అనుకోకముందు బ్యాక్టీరియానో, ఈస్ట్ అనే బూజు జాతి సూక్ష్మజీవో చేరిందేమో చూడాలి. ఈస్ట్ చేరితే పులిసిన వాసన వస్తుంది, చర్మం జిడ్డుగా, నల్లగా మందమవుతుంది. క్లోర్‌హెక్సిడిన్ షాంపూతో వారానికి ఒకటి రెండుసార్లు స్నానం చేయించండి. నురగ ఒంటి మీద పది నిమిషాలు ఉండాలి, గడియారం చూసుకోండి. రుద్దిన వెంటనే కడిగేస్తే ఆ షాంపూ కాలవలో పోసినట్టే. గోరువెచ్చని నీళ్లు చాలు, వేడివి వద్దు. తర్వాత వేళ్ల సందులు పొడిగా తుడవాలి, వానాకాలంలో ముఖ్యంగా. మనం వాడే సబ్బు, షాంపూ వద్దు. కుక్క చర్మం మన చర్మం కంటే పలచన. కుక్క పడుకునే గోనెసంచిలో దుమ్ము పురుగులు కాపురం ఉంటాయి. అది తీసేసి, ఉతకగలిగిన దుప్పటి వేసి, వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి.

కిరోసిన్, ఫినాయిల్, బండి నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ రాసి తెస్తారు. దయచేసి వద్దు. కాలిన చర్మం మీద మంట, దాన్ని నాకితే కడుపులోకి విషం. మనుషులకి తామర కోసం మందుల షాపులో ఇచ్చే, నాలుగు మందులు కలిపిన ట్యూబులు కూడా రాస్తున్నారు. అందులో ఉండేది చాలా ఘాటైన స్టెరాయిడ్. కుక్క నాకుతుంది, దాన్ని ముద్దు చేసే పిల్లల చేతులకీ అంటుకుంటుంది.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ఇరవై రూపాయల పుస్తకం చాలు. తేదీ, బరువు, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఆ రోజు దురద సున్నా నుంచి పదిలో ఎంత. ఇంజెక్షన్ వేయిస్తే సీసా మీది పేరు మీ చేత్తో రాసుకోండి, కుదరకపోతే ఫోన్లో ఫోటో తీయండి. ఏ రాష్ట్రంలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదట ఆ పుస్తకం బల్ల మీద పెట్టండి. ఏ భాషలో రాసినా ఫర్వాలేదు, అంకెలు అందరికీ అర్థమవుతాయి.

ఇప్పుడు మీరు అడగండి.

(ముందు వరుసలో ఒకావిడ: డాక్టరు గారూ, మా పమేరియన్‌కి పదకొండేళ్లు. ఇన్నాళ్లూ ఏమీ లేదు, ఈ ఏడాదే దురద మొదలైంది. ఇదీ అలర్జీయేనా?)

అమ్మా, ఆ వయసులో మొదటిసారి వస్తే అలర్జీ అని ముందే అనుకోకూడదు. గజ్జి, డెమోడెక్స్ చూడాలి, హార్మోన్ల జబ్బులు చూడాలి, చర్మంలో క్యాన్సర్ ఉందేమో కూడా చూడాలి. రక్తపరీక్ష కావాలి. అది తేలేదాకా ఎవరు స్టెరాయిడ్ వేస్తానన్నా వద్దనండి.

(వెనక నుంచి ఒకరు: కొత్త మందులు నెల నెలా కొనలేమండి. కూలి పని మాది.)

బాబూ, ఇందులో తలదించుకోవాల్సిందేమీ లేదు. ప్రెడ్నిసోలోన్‌ని రోజు విడిచి రోజు, తక్కువ మోతాదులో, లెక్క రాసుకుంటూ వాడితే అది కూడా సరైన వైద్యమే. పేల మందు, స్నానం సరిగ్గా చేస్తే ఆ మోతాదు ఇంకా తగ్గుతుంది. చేప నూనెలోని ఒమెగా-3 కూడా స్టెరాయిడ్ అవసరాన్ని కొంత తగ్గిస్తుంది. దాని పని తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఎంత వేయాలో కుక్క బరువు చూసి చెబుతాను. ఖరీదైన మందు పది రోజులు వాడి ఆపేయడం కంటే ఇదే మేలు.

(ఒక యువకుడు: రేబిస్ టీకా ఇలాంటి కుక్కకి వేయించొచ్చా?)

మానకండి. ఏ మందు, ఎంత వాడుతున్నారో టీకా వేసే డాక్టరుకి ముందు చెప్పండి. స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో ఉంటే కొద్దిరోజులు ఆగి వేద్దామంటారు. ఆ తేదీ పుస్తకంలో రాసుకుని, ఆ రోజుకి తప్పకుండా తీసుకెళ్లండి.

(మొదటి ఆవిడే: జీవితమంతా వాడాల్సిందేనా, ఎప్పటికైనా ఆపొచ్చా?)

అటోపీ, అంటే ఈ అలర్జీ దురద, పూర్తిగా పోయే జబ్బు కాదమ్మా. వానాకాలంలో మాత్రమే వచ్చే కుక్కకి మిగతా నెలల్లో ఆపొచ్చు. ఏడాది పొడవునా ఉన్నదానికి, మూడు నెలలు దురద పదిలో రెండు లోపు నిలకడగా ఉంటే ఒక మెట్టు దింపి చూస్తాం. నిలబడితే మళ్లీ కొన్నాళ్లకి ఇంకో మెట్టు. తిరిగొస్తే పాత మోతాదుకి వెళ్తాం. ఈ దించే పని ఎండాకాలం ముందు మొదలుపెడదాం, ఆషాఢంలో వద్దు. బయట వరండాలో తూకం పెట్టించాను. కుక్కని తెచ్చుకున్నవాళ్లు బరువు చూయించుకుని, పుస్తకం మొదటి పేజీలో రాసుకుని వెళ్లండి.